లోపలినుంచి మొదలుపెట్టిన ఆట

హలో… ఆ, నేనే వదినా. పెట్టెయ్యకండి, రెండు నిమిషాలే… మీ తమ్ముడు ఇంకా రాలేదుగా?… ఐదున్నరకి కదా. ఇప్పుడు నాలుగున్నరే. అందుకే ఈ టైమ్ చూసి చేశా.

షాపులోనే ఉన్నాను. ఓనరుగారు కాగితాల కట్టలకని వెళ్లారు. జిరాక్స్ మిషను, నేను… ఎవరన్నా వస్తే మధ్యలో ఆగుతాను, ఏమనుకోకండి.

అమ్మడు బడినుంచి వచ్చిందా?… ఏమన్నా తిందా?… అంతేనా! లేదు లేదు, మిమ్మల్ని అనట్లేదు. మీరు పెట్టకపోతే ఎవరు పెడతారు. నోరు ఊరుకోక అడిగానంతే.

ఒక్కసారి ఫోనిస్తారా దానికి?…

…

మళ్లీ రానందా.

ఇది మూడోసారి వదినా. పోయిన వారం తలనొప్పి అంది. అంతకుముందు నిద్రొస్తోంది అంది. ఏడేళ్ల పిల్లకి తలనొప్పేంటి?… ఈసారి ఏమంది? ఏ మాటంటే ఆ మాటే చెప్పండి. నా మనసు కోసం మార్చకండి.

'నాకు పనుంది' అందా… అచ్చం వాళ్ల నాన్నే. ఆ గొంతుతోనే అని ఉంటుంది.

లేదు, ఏడవట్లేదు. మిషను చప్పుడు.

ఆయన్ని అడిగితే ఇవ్వరుగా. నాతో మాట్లాడిన రోజల్లా అది తిండి ముట్టదు, అందుకే ఫోన్లొద్దు, ఏడాది ఓపిక పట్టు అన్నారు. అందులో తప్పేముంది. ఒక్క గదిలో, పొద్దున్నించి రాత్రిదాకా షాపులో నేను, ఎక్కడ పెట్టుకోను పిల్లని? నేనేగా తీసుకెళ్లమన్నది. అందుకే కదా ఫోన్లో ఆడుకునే ఈ ఆట తయారుచేసి పంపింది. నా గొంతు వినకపోయినా, అందులో అమ్మని చూసుకుంటుందని…

అదన్నా ఆడుతోందా?… రోజూనా? నిజంగా?… బడినుంచి రాగానే మీ ఫోను లాక్కుంటుందా! అయ్యో, మీకెవరన్నా ఫోన్ చేస్తే… పోనివ్వండి. మీ రుణం తీర్చుకోలేను.

ఏం చేస్తుంది అందులో?… కుక్కపిల్లా! దానికి పేరు కూడా పెట్టిందా?… తోకరాజా? అమ్మ బాబోయ్. నేను దాన్ని ఊరికే పెట్టాను వదినా, వీధి బోసిగా ఉందని. తిండి పెట్టేకొద్దీ బలం ఒక్కో మెట్టు పెరుగుతుంది, అంతే… తొమ్మిదా? తొమ్మిది మెట్లు ఎక్కించిందా? చేసేటప్పుడు నేనే నాలుగు దాటించలేకపోయాను.

నవ్వండి నవ్వండి. తొమ్మిదో క్లాసులో బడి మానేసినదానికి వీడియో గేమ్ ఏమిటని నేనూ నవ్వుకున్నాను. మొదట్లో ఏడు ఊళ్లూ, సముద్రం, రాక్షసులూ అన్నీ పెట్టేద్దామని కూర్చున్నా. నెల పోయింది, ఒక కోడి మాత్రం తయారైంది. అది కూడా గోడలోంచి నడిచి వెళ్లిపోయేది. తర్వాత వీడియోల్లో ఆటలు చేయడం నేర్పే ఒకబ్బాయి చెప్పాడు, మొదటిసారి చేసేవాళ్లు ఒక వీధి, ఒక ఇల్లు, ఒక మనిషితో మొదలుపెట్టండి అని. ఒక మనిషి అనగానే… ఇంకెవర్ని పెడతాను.

సరే. అమ్మ దగ్గరికి వెళ్తోందా అందులో? ఇంట్లోకి?…

వెళ్లట్లేదా? ఎందుకు?…

ఏంటి వదినా?… సరిగా వినపడలేదు. మళ్లీ చెప్పండి.

'అమ్మ తలుపు తియ్యట్లేదు' అందా.

లేదు. తియ్యకపోవడమేంటి. నేను రోజూ చూస్తాను. అమ్మ పొయ్యి పక్కన నిలబడి ఉంటుంది, పలకరిస్తే మాట్లాడుతుంది. ఈ పొద్దున కూడా చూశాను… అది సరిగా నొక్కి ఉండదు. పిల్లకేం తెలుసు. మీరే చూడండి ఒకసారి, చేతిలోనే ఉందిగా. స్పీకర్‌లో పెట్టండి… పెట్టారా? ఇప్పుడు ఆట తెరవండి… ఎర్ర గౌను పిల్ల కనపడిందా? అదే మన అమ్మడు.

కింద నాలుగు బాణాలుంటాయి. పై బాణం నొక్కండి… అది పక్క బాణం వదినా… బావిలో పడదు, భయపడకండి, దానికి పడడం నేనింకా నేర్పలేదు… కోడిని వదిలెయ్యండి! ఎందుకు దాని వెంట పడ్డారు… తోకరాజు వెనకాలే వస్తాడు, వాడిని చూడక్కర్లేదు…

ఎవరది పక్కన?

…

'అలా కాదు అత్తా, వాడికి దెబ్బ తగుల్తుంది' అన్నదెవరు?

అమ్మడూ.

అమ్మడూ, నేనే… ఉన్నావా?…

సరే, మాట్లాడొద్దులే. నాతో మాట్లాడకు. అత్తకి రావట్లేదు కదా, నువ్వు నడిపించు… ఆ. నేను ఇక్కడ షాపులో కంప్యూటర్ మీద అదే తెరిచాను. ఇద్దరం ఒకేసారి వెళ్దాం. నీలం తలుపు దగ్గరికి తీసుకెళ్లు.

వెళ్లావా?… గుండ్రం బటన్ నొక్కు…

ఇంకోసారి.

తలుపుకి తిన్నగా నిలబడ్డావా?… కోప్పడట్లేదు తల్లీ. నీకు తెలుసని నాకు తెలుసు. ఇంకొక్కసారి…

ఉండు. నేనూ వీధిలోంచి వస్తాను. నేనెప్పుడూ… ఒక్క నిమిషం.

…

…

వదినా, మీరున్నారా లైన్లో?

నేనెప్పుడూ లోపలినుంచే మొదలుపెట్టాను వదినా. పరీక్ష చేసి చూసుకునేటప్పుడు ఎక్కడినుంచైనా మొదలుపెట్టొచ్చు. వీధంతా నడవడం ఎందుకని నేను తిన్నగా ఇంట్లోనే, అమ్మ పక్కనే దిగేదాన్ని. ఆమె మాట్లాడిందా, లేదా, అంతే చూసుకున్నాను. ఆట పంపి నలభై రోజులైంది, ఒక్కసారి కూడా ఆ తలుపు బయట నిలబడి చూడలేదు.

ఈ ఆటంతా గళ్లు గళ్లుగా ఉంటుంది. ప్రతి గడికీ చెప్పాలి, ఇక్కడ నడవొచ్చు, ఇక్కడ కూడదు అని. తలుపు బొమ్మ గీయడం రాక గోడ గడినే ఇంకోటి చేసి, దానికి నీలం రంగు వేశాను. రంగు మార్చాను గానీ… లోపల అది గోడే. ఎవరు కొట్టినా గోడే.

నలభై రోజులు అది గోడ కొట్టింది వదినా.

…

అమ్మడూ, విను. తలుపు తియ్యనిది అమ్మ కాదు. అమ్మకి చేతకాక… పని సరిగా రాక అలా అయింది. నాకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చేవో మీ అమ్మమ్మని అడుగు, చెప్తుంది… నవ్వావా?… నవ్వలేదా. సరే.

ఎన్నిసార్లు కొట్టావు?…

రోజూనా.

మరి నాకు… ఎవరికైనా చెప్పొచ్చుగా తల్లీ…

…

ఏమన్నావు?

'ఆ రోజు కూడా తియ్యలేదుగా' అన్నావా.

…

అవును. ఆ రోజు కూడా తియ్యలేదు. మీ నాన్న తీసుకెళ్తుంటే నువ్వు ఆటో దిగి మళ్లీ వెనక్కి పరిగెత్తుకొచ్చావు. కొట్టావు. నేను లోపలే ఉన్నాను… విన్నాను.

వద్దు వదినా, దాన్ని ఏమీ అనకండి. అడగనివ్వండి.

అమ్మడూ, ముందు ఇది బాగుచేస్తాను. చూస్తూ ఉండు, క్షణం పని. ఆ గడి మీద నొక్కి, 'నడవొచ్చు' అని పెడితే… అయింది. అయిపోయింది తల్లీ! ఇంతే పని. నేనిక్కడ వీధిలోంచి వచ్చాను, తెరుచుకుంది. పొయ్యి కనపడుతోంది. నీ మంచం కనపడుతోంది.

వదినా, కొత్తది పంపుతున్నాను మీకు… వచ్చిందా? నొక్కండి… ఏం అడుగుతోంది? అమ్మడూ, నీకు కూడబలుక్కుని చదవడం వచ్చుగా, చదువు…

'పాతది తీసివేయాలి.' ఆ, అవును. పాతది తీసేస్తేనే కొత్తది కూర్చుంటుంది. సరే అని…

ఆగండి.

ఆగండి వదినా, వేలు తీసెయ్యండి.

…

ఆ అమ్మడూ. నువ్వు అడిగింది విన్నాను. తోకరాజు…

పాతది తీసేస్తే అందులో నువ్వు ఆడిందంతా పోతుంది. మళ్లీ మొదటినుంచి… కుక్కపిల్ల ఉంటుంది తల్లీ, ఎందుకుండదు. వీధి చివరే ఉంటుంది. కాకపోతే చిన్నది… ఒకటో మెట్టు… లేదు, దానికి నువ్వెవరో తెలీదు. పేరు కూడా మళ్లీ పెట్టాలి.

పెంచిన కుక్కపిల్లా, కొత్త తలుపూ రెండూ ఉండేలా చేయడం ఉంటుందట. నాకింకా రాదు. నేర్చుకుంటాను. ఎన్నాళ్లు పడుతుందో తెలీదు.

…

అమ్మడూ, కుక్కపిల్లని నాలుగు రోజుల్లో మళ్లీ పెంచొచ్చు. తలుపు ఇవతల అమ్మ ఎదురుచూస్తోంది కదా. ఒకసారి లోపలికొచ్చావంటే…

ఏడవకు.

ఏడవకు తల్లీ, నేను నొక్కమనట్లేదు. అడిగానంతే.

'వాడు నన్ను ఎక్కడికీ పంపలేదు' అందా?… వదినా, అలా అందా, నాకు అలా వినపడిందా?…

…

సరే.

అమ్మడూ, 'వద్దు' అని ఉంటుంది చూడు, అది నొక్కు. గట్టిగా నొక్కు… పోయిందా ఆ అడిగేది?… తోకరాజు ఉన్నాడా?… హమ్మయ్య. ఉంచుకో. వాడికి తిండి పెట్టుకో, పదో మెట్టు ఎక్కించు. తలుపు అలాగే ఉండనీ. ఏం కాదు.

ఏం కాదు వదినా. వాడి దగ్గరే ఉండనివ్వండి దాన్ని.

…

ఆ, ఇంకా ఉన్నాను. చెప్పు.

లోపల ఏముందా? లోపల… ఒక పొయ్యి, ఒక కిటికీ. రెండు మంచాలు వేశాను. దుప్పటికి చుక్కలు పెట్టాను, పది రోజులు పట్టింది… లేదు, అమ్మ ఒక్కతే ఉంటుంది… పడుకోదు. పడుకోవడం పెట్టలేదు. ఎప్పుడూ నిలబడే ఉంటుంది.

నువ్వొస్తే ఏమంటుందా? చెప్పనా? నువ్వు తలుపు దగ్గరే ఉన్నావా ఇప్పుడు, వాడితో?… సరే, అక్కడే ఉండు. నేను చెప్తాను.

మొదట, 'వచ్చావా? చెప్పులు అక్కడ విడిచి రా' అంటుంది… అంతే, మామూలుగానే అంటుంది. తర్వాత, 'జడ ఊడిపోయింది, ఇలా కూర్చో' అంటుంది… అవును, గేమ్‌లో కూడా. తర్వాత, 'ఈవేళ ఎవరితో దెబ్బలాడావు?' అంటుంది. నువ్వు ఎవరి పేరు చెప్పినా, 'తప్పు వాళ్లదే' అంటుంది.

నవ్వావు. ఇప్పుడు నవ్వావు, నాకు వినపడింది.

…

అదా.

అది ఆటలో పెట్టలేదు తల్లీ. రాయబోయి, చెరిపేసి… ఇప్పుడు చెప్తాను. నువ్వు అడిగావుగా. ఆ రోజు తలుపు ఎందుకు తియ్యలేదంటే—

ఏంటి వదినా? గేటా?… ఇంకా ఐదున్నర కాలేదుగా!… అయ్యో, ఒక్క నిమిషం, ఒక్క మాట… అమ్మడూ, విను, తీస్తే… తీస్తే నిన్ను వెళ్లనిచ్చేదాన్ని కాదు. అందుకే. తీసుంటే పట్టుకుని ఇక వదిలే—

హలో.

హలో… అమ్మడూ, విన్నావా?

వదినా?

…

…

ఆ, రండి. లేదండీ, ఖాళీగానే ఉన్నాను. ఇలా ఇవ్వండి… రెండు వైపులా తియ్యాలా, ఒక వైపేనా?