పెట్రోలు పెరిగేలోపు

ఉదయం పదకొండు గంటలు. అక్క ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని చమురు, పెట్రోలు ధరల మీద పెట్టుబడులు పెడుతుంది; అందులో తమ్ముడి డబ్బూ ఉంది. తమ్ముడు చమురు శుద్ధి కర్మాగారంలో షిఫ్ట్ ఇన్‌చార్జి. ఫోన్ చేసింది తమ్ముడే.

“...అందుకే ఇప్పుడేమీ అడక్కురా, అసలే తల వాచిపోయి ఉంది. నీ డబ్బు ఎక్కడికీ పోదు.”

“నేను ఫోన్ చేసింది డబ్బు గురించి కాదక్కా.”

“మరి? నెల తిరక్కుండా సగం ఎగిరిపోయిందని మీ ఆవిడ సాధిస్తోందా?”

“దానికి చెప్పలేదు. అసలు నాకే తెలీదు. సగం పోయిందా?”

“పోవడమంటే... సముద్రంలో చమురు ఓడలు ఆగిపోయాయి కదా, ముడి చమురు పెరుగుతుందని కొన్నాను. పెరిగింది కూడా. నాలుగో రోజు ఎవరో ఇద్దరు మంత్రులు రాజీకి మాట్లాడుకుంటున్నారని వార్త. అంతే, టపటపా రాలిపోయింది.”

“ఓడలు కదిలాయా?”

“ఒక్కటీ కదల్లేదు! చమురు కదలక్కర్లేదురా, జనం భయం అటూ ఇటూ కదిలితే చాలు. ఆ మాత్రం తెలిసీ నేనే అమ్మడం ఆలస్యం చేశాను.”

“మరి బంకుల్లో రేటు తగ్గలేదేం?”

“ముడి చమురు పోసుకుంటే బండి నడుస్తుందా? మధ్యలో మీరున్నారుగా. కర్మాగారాలు సగం మరమ్మతుల్లో ఉన్నాయి, పెట్రోలు నిల్వలు అడుగంటాయి. ముడి చమురు చవక, పెట్రోలు ప్రియం. ఆ మధ్య తేడా అంతా మీ కంపెనీ జేబులోకే.”

“మా మేనేజరు రోజూ అదే పాట. ఇలాంటి లాభాలు మళ్లీ రావు, యూనిట్ ఒక్క పూట కూడా ఆగడానికి వీల్లేదని.”

“తెలివైనవాడు.”

“అక్కా, ఆ యూనిట్లోనే పైపు పల్చబడింది.”

“ఏ యూనిట్?”

“పెట్రోలు తయారయ్యేది. పెద్ద పైపు, వంపు తిరిగే చోట. తుప్పు లోపల్నించి తినేసింది. ఉండాల్సిన మందంలో మూడో వంతు కూడా లేదు. పది రోజులుగా చెబుతున్నాను. కాగితం రాసిచ్చాను. చూద్దాం అంటాడు, నడపమంటాడు.”

“పది రోజులుగానా? నాకు ఒక్క మాటైనా...”

“నీకెందుకు చెప్పడం?”

“ఏం లేదు, ఊరికే. ఊఁ, చెప్పు. ఇవాళ ఏమైంది?”

“పొద్దున డ్యూటీ ఎక్కేసరికి గ్యాస్ వాసన. ప్రెషర్ ముల్లు కుదురుగా లేదు, ఎర్ర గీత దాకా వెళ్తోంది, వస్తోంది. ఆ పైపు కిందే తొమ్మిది మంది కాంట్రాక్టు వాళ్లు వెల్డింగ్ మొదలెట్టారు.”

“మేనేజరుకి ఫోన్ చేశావా?”

“చేశాను. నడపమన్నాడు. ఆపితే రేపట్నించి రానక్కర్లేదన్నాడు.”

“ఒకవేళ ఆపితే... మళ్లీ ఎన్నాళ్లకి నడుస్తుంది?”

“ఏంటి?”

“యూనిట్రా. ఎన్నాళ్లు మూతపడుతుంది?”

“పైపు మార్చాలి, లోపలంతా చల్లారాలి... ఆరు వారాలు. ఎందుకు?”

“ఆరు వారాలు! ఈ చుట్టుపక్కల నాలుగు బళ్లలో ఒకటి మీ పెట్రోలుతోనే నడుస్తుంది, తెలుసా? నిల్వలు చూస్తే లేవు. ఉండు. ఫోన్ పెట్టకు.”

“అక్కా, నేను అడగాలనుకున్నది...”

“వింటున్నాను, నువ్వు మాట్లాడుతూ ఉండు. ఈ సంగతి బయటికి ఎప్పుడొస్తుంది?”

“కంపెనీ చెబితేనే. చెప్పదు, దాస్తుంది. సాయంత్రం దాకా అయినా దాస్తుంది. ఏంటా టకటక? ఏం చేస్తున్నావు?”

“ఉన్నవన్నీ అమ్మేస్తున్నా. ముడి చమురు మొత్తం. ఆ డబ్బు చేతికి రావాలి, దాంతో పెట్రోలు కొనాలి. అరగంట పడుతుంది. ఒక్క అరగంటరా.”

“అరగంట ఏంటి?”

“ఏం లేదు. నువ్వు కంగారుపడి ఏదీ చెయ్యకు, అంతే.”

“కంగారుపడి అంటే?”

“ఆపడం అదీ. పది రోజులు నడిచింది, ఇంకో అరగంట నడవదా?”

“అక్కా, కింద తొమ్మిది మంది అని చెప్పాను. విన్నావా?”

“విన్నానురా, చెవిటిదాన్నా? ఏదో ఒక వంక పెట్టి వాళ్లని టీకి పంపించు.”

“ఎందుకు పంపావని అడిగితే?”

“అడుగుతారా? అయితే వద్దు, ఎవరికైనా అనుమానం వస్తుంది. నువ్వు మాత్రం అటు వెళ్లకు. దూరంగా గోడ ఇవతలే ఉండు. సరేనా?”

“నేను దూరంగా ఉండాలి.”

“ఉండాలి మరి! అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. అన్నం కలిపి పెట్టింది ఎవరు? నీకేమన్నా అయితే నేను బతకను.”

“అమ్మ చేత్తో పెట్టినట్టే పెట్టావు. అందుకేగా ముందు నీకే ఫోన్ చేశాను.”

“మంచి పని చేశావు. ఇంకెవరికీ చెప్పకు. నీ సగమూ నా సగమూ వెనక్కొస్తాయి, పైన ఇంకా వస్తుంది. అబ్బా, ఇది తొందరగా కదలదేం... ఆఁ, వచ్చింది. డబ్బు వచ్చింది.”

“నువ్వైతే ఏం చేసేదానివక్కా? నా కుర్చీలో ఉంటే?”

“ఇప్పుడా ప్రశ్న దేనికి? రేటు ఇంకా కదల్లేదు, ఎవ్వరికీ తెలీదు. ఆర్డరు పెట్టేశాను. పడు... పడవే తల్లీ...”

“పక్క యూనిట్లో సైరన్ మోగినా బయటికి పరిగెత్తమని, ఉద్యోగంలో చేరిన రోజు నువ్వే చెప్పావు.”

“మోగుతోందా ఇప్పుడు?”

“లేదు. ఇప్పుడంతా చాలా నిశ్శబ్దంగా ఉంది.”

“హమ్మయ్య. సగం పడింది... ఇంకొంచెం... అయిపోయింది! మొత్తం కొనేశానురా! ఇంక ఆపెయ్యి. వెళ్లు, పరిగెత్తు, వాళ్లని బయటికి తోలి ఆపెయ్యి. వింటున్నావా? ఆపమంటున్నాను! ఇప్పుడు ఆలస్యం చేస్తే వాళ్ల ఉసురు మనకి తగులుతుంది.”

“తొమ్మిదింటికే ఆపేశానక్కా. అందరూ బయటే ఉన్నారు. నా ఉద్యోగం పోయింది. పోయినా పర్వాలేదులేరా అని నువ్వు ఒక్క మాట అంటావని ఫోన్ చేశాను.”