పైకి వంగిన గీత

ఛీ, ఛీ! ఆ కాళ్లేటి మావా, అలా పుండ్లు పడిపోయాయి? పొద్దస్తమానం ఈ నౌపడ ఉప్పుమడుల్లో నిలబడితే మరేటవుతాది! లెగకు, కూకో. నన్ను సూసి లెగడమేటి, నీకింకా బుద్ధి రాలేదా?

కాలేజీలో ‘ఒరే అసిరయ్యా’ అని పిలిసీవోణ్ణి. ఇక్కడెవులూ లేరు గదా, మావా అంటన్నాను. ఊళ్లో నీ భుజాలెక్కి తిరిగినోణ్ణే! లెక్చరర్ జగన్నాధం అయ్యాక మావా అనడానికి నోరు తిరగలేదు. సిగ్గులేని జన్మ.

ఆ సీకటిగది గుర్తుందా? నల్లగాజు బిగించిన దీపం ముందర కొయినా నీళ్ల సీసా పెడితే నీలంగా ఎలిగీది. ‘జరం మందు ఇలా మెరుస్తాదేటి బాబూ’ అని నోరెళ్లబెట్టీవోడివి. అందులో ఉప్పు ఏస్తే ఎలుగు తగ్గిపోతాది. ఎంత ఉప్పుకి ఎంత తగ్గిందో కాయితం మీద సుక్కలు పెడితే గీత తిన్నగా రావాల. అదీ నా పీహెచ్‌డీ.

నాలుగు సుక్కలు తిన్నగానే వచ్చాయి. ఉప్పు బాగా ఎక్కువేసిన ఆఖరి మూడూ గీత మీద నిలబడక పైకి పోయాయి. మా గైడు జానకిరామయ్యగారు కళ్లజోడు తీసి, ‘సీసాల్లో ఉప్పు మిగిలిపోతోంది. కడిగేవాడెవడోయ్?’ అన్నారు. నేనేటి సేసాను? నీ ఏపు ఏలు సూపించీసాను. అంతే, పద్నాలుగేళ్ల నీ నౌకరీ పోయింది!

నువ్వెల్లిపోయాక నెల్లాళ్లు నేనే కడిగాను మావా. ఒక్కో సీసా ఏడేసి సార్లు. ఆ మూడు సుక్కలూ మళ్లీ అక్కడే, అలాగే వంగాయి! అప్పటికి బుర్రకెక్కింది ఈ ఎదవకి. ఉప్పు ఎయ్యని సీసా రోజూ ఒక్కలాగే మెరిసీది. నీ కడుగుడు తప్పయితే అదీ మసకబారాల గదా? రెండేళ్లు కళ్లెదురుగా ఉన్నా సూడలేదు.

మరి గీతెందుకు వంగిందంటావా? రాజాం సంత తలుసుకో, సీసాలోనూ అదే రద్దీ. కొయినా రేణువు ఎలిగి ఉండీది ఎంతసేపనుకున్నావు? రెప్పపాటుని కోటి ముక్కలు సేస్తే అందులో ఒక్క ముక్క. ఈలోగా ఉప్పు రేణువు జనాన్ని తోసుకుంటా నడిసొచ్చి తగిలితే, అది ఆరిపోతాది. గ్లిసరిన్ పోసి నీళ్లు సిక్కన సేసావనుకో, దమ్ముపట్టిన మడిలో నడకే! సేరుకోలేదు, ఎలుగు బతికిపోతాది. అంతా నడక మీదే ఉన్నాది.

కానీ సంత కిక్కిరిసిపోతే? పక్కనే ఆనుకొని నిలబడ్డోడికి నడకెందుకు? ఎలిగీ ఎలగ్గానే ఆర్పీస్తాడు. అందుకే లెక్కకి మించి ఆరింది, గీత పైకి వంగింది. మురికి కాదు మావా, అది నిజం.

జానకిరామయ్యగారికి సెప్పబోయాను. ‘పుస్తకంలో తిన్నగా ఉంటే మధ్యన నువ్వెవడివయ్యా?’ అని రబ్బరు నా సేతిలో పెట్టారు. సెరిపీసాను. థీసిస్ అడుగున ఏటి రాసానో తెలుసా? ‘గాజుసామాను సరిగా కడగనందున మూడు కొలతలు విడిచిపెట్టడమైనది.’ థూ! ఈ సేత్తోనే రాసాను.

అలా సూడకు. అయిపోలేదింకా.

మొన్న వైవాలో ప్రశ్నలడగడానికి బయట యూనివర్సిటీ నుంచొచ్చినాయన గట్టోడు. ‘కడగలేదని ఎలా తెలుసు?’ అనడిగాడు. నా నాలిక పడిపోను, ‘ఆడే ఒప్పుకున్నాడండి’ అనీసాను. ‘అయితే సోమవారానికి అతని వేలిముద్రతో కాయితం తెండి’ అన్నాడు.

అవును, నీ కళ్లు సరిగ్గా నా జేబుకేసే పోయాయి. కాయితం ఈ జేబులోనే ఉన్నాది. నిన్ను మళ్లీ పన్లోకి పిలవడానికొచ్చాననుకున్నావా? నువ్వొచ్చి కడిగానని నిజం సెప్తే నా డిగ్రీ పోతాది. నాలుగేళ్లు సదివింది పోతాది. ‘తప్పు నాదే, కడగలేదు’ అని నీ బదులు నేనే రాసుకొచ్చాను. సిరా డబ్బీ కూడా తెచ్చాను. రోత పుట్టటం లేదా నన్ను సూస్తే? నాకు పుడతంది.

ఏటది, పంచెకి ఏలు తుడుసుకుంటన్నావు? అంత తొందరగా ఒప్పీసుకోకు మావా! ముందు ఒక్క తిట్టు తిట్టు. సెప్పుచ్చుకో. ఉమ్మెయ్యి మొకాన. ఈడు మనూరోడు గదా అని జాలిపడకు, నీ దండం పెడతాను.

తిట్టవా?

సరే. ఎడం సేతి బొటనేలు. ఇక్కడ… కాస్త గట్టిగా నొక్కు.