మకాం ప్లానుకి నేనే అడ్డుచెప్పాను

"అమ్మమ్మా, మావయ్య కొత్త మకాం కట్టడానికి పంచాయతీలో ప్లాను పెడితే, నువ్వే లేచి అడ్డుచెప్పావంట కదా? అమ్మ చెప్పింది. అసలేం జరిగింది?"

మీ అమ్మ చెప్పిందా? దానికేం తెలుసు, అది కాకినాడలో కూర్చుని ఫోన్లో విన్నదేగా. అడ్డుచెప్పడం అనకు... అంటే, చెప్పాననుకో. చెప్పాను. సెక్రటరీ గారి ముందూ, మీ తాతయ్య ముందూ, నలుగురి ముందూనూ. కానీ ఊరికే చెప్పలేదమ్మా. ఉండు, ఆ ఫోను ఇటు జరుపు, ఫ్యాను చప్పుడంతా దాంట్లోకే పోతంది. ఆఁ, ఇప్పుడు పర్లేదు.

మకాం అంటే ఏంటో నీకు తెలుసా అసలు? నిన్న నువ్వు ఫొటోలు తీసుకున్నావే గేదెల దగ్గర, అదే. చేలో కట్టుకునే పశువుల సావిడి. గడ్డీ, దాణా, పాలకేన్లూ అన్నీ అక్కడే ఉంటాయి. మనకి పాతది ఇంటి వెనకే ఉండేది. మా మావగారు వేసిన పాక. తాటి దూలాలు, పైన తాటాకు. అప్పట్లో ఎంతమ్మా, తాటాకు మన గట్ల మీదిదే, కొట్టినోళ్లకి కుంచెడు ధాన్యం ఇచ్చి మధ్యాహ్నం భోజనం పెడితే సరిపోయేది. మా అత్తగారు ఆ రోజు పనసపొట్టు కూర వండింది, నేను కొత్తకోడల్ని, ఆవ నన్ను నూరమంది, కళ్లల్లోంచి నీళ్లు... అది సరేలే, ఇప్పుడు కాదు ఆ కథ.

ఆ పాక తర్వాత రేకులయ్యింది. తుపానులో పడిపోయింది. దూలం వచ్చి గౌరి నడుం మీద పడింది. గౌరి అంటే మన పెద్ద గేదె. దేవుడి దయ, బతికింది. మిగతా వాటిని రోడ్డు వార టార్పాలిన్ కింద కట్టాం. వానలో, బురదలో ఎన్నాళ్లని నిలబడతాయమ్మా నోరులేని జీవాలు? గిట్టలు పుళ్లు పట్టాయి. పాలు తగ్గిపోయాయి. అప్పటికే మీ మావయ్య శీను రొయ్యల చెరువు వేసి చేతులు కాల్చుకుని ఉన్నాడు. ఇంక ఇల్లు గడవాలంటే ఆ గేదెలే. మంచి మకాం కడితే ఇంకో నాలుగు తెచ్చి నిలదొక్కుకుంటానమ్మా అన్నాడు. బ్యాంకోళ్లు ఇస్తామన్నారు. కాకపోతే పంచాయతీ ప్లాను అప్రూవలు కావాలన్నారు.

మీ తాతయ్య ఇంతెత్తున లేచారు. "గొడ్లపాకకి కూడా ప్లానేంటిరా? మా నాన్న ఎవర్నడిగి వేశాడు? గేదెల్ని కూడా సంతకం పెట్టమంటారా?" అని. శీను ఓపిగ్గా, "నాన్నా, ఇప్పుడు సిమెంటు, ఇనప స్తంభాలు, పేడ తొట్టి. పర్మిషన్ లేకపోతే రేపు ఎవరో ఒకరు పీకించేస్తారు" అని చెప్పి సచివాలయంలో కాయితాలు పెట్టాడు.

చోటు ఎక్కడనుకున్నావ్? రోడ్డు వార మెరక. మన చేను నీకు తెలుసుగా. ముందు రోడ్డు, రోడ్డు వార మన మెరక, ఆ మెరక వెనక నూకరత్నం పెంకుటిల్లు, దాని వెనక మళ్లీ మన పల్లపు చేనే. ఆవిడ ఇల్లు మన భూమి మధ్యలో పొట్లకాయలో గింజలా ఉంటుంది అనేవారు మా మావగారు. ఆవిడకి రోడ్డు మీదికి తూర్పు వైపునుంచి సొంత దారుంది.

నూకరత్నం అంటే నాకు ఏదో పక్కింటావిడ కాదమ్మా. ఇద్దరం ఒకే ఏడు కాపరానికొచ్చాం ఈ ఊరు. తను నన్ను వదినా అంటుంది, నేనూ తనని వదినా అంటాను, ఎవరు ఎవరికి పెద్దో ఇప్పటికీ తేలలేదు. మీ అమ్మ పుట్టినప్పుడు నాకు జొరం తగ్గకపోతే పిల్లని వాళ్లింట్లో పెట్టుకుని చూసింది. వాళ్లాయన లారీ మీదెళ్లి తిరిగి రాలేదు. ఇద్దరాడపిల్లలు. అప్పుడు మొదలుపెట్టింది అప్పడాలు, వడియాలు. ఆ వాకిట్లోనే ఎండబెట్టి, ఆ పిల్లల్ని చదివించి పెళ్లిళ్లు చేసింది. ఇప్పుడు ఇంకో నలుగురు ఆడాళ్లకి పని ఇస్తంది. రావులపాలెం కొట్లకీ, రాజమండ్రికీ ఆవిడ గుమ్మడి వడియాలే వెళ్తాయి.

అలాంటిది, పంచాయతీ బోర్డు మీద మన మకాం నోటీసు అంటించారో లేదో, ఆవిడ అభ్యంతరం అని అర్జీ పెట్టింది.

నాకు ఎలా ఉంటుంది చెప్పు? ఒక్క మాట నాతో అనొచ్చుగా! మీ తాతయ్యయితే, "ఇన్నేళ్లు మన పాలు తాగి మన మీదే అర్జీ పెడుతుందా" అని గొంతు చించుకున్నారు. ఆ మాట ఎవరో మోసేశారు. ఆ మర్నాటినుంచి ఆవిడ పాలు పోయించుకోవడం మానేసింది. గుళ్లో ఎదురుపడితే తల తిప్పుకుంది. ఇంట్లో పప్పు తింటంటే నంచుకోడానికి వడియం ఉండేది కాదు. నవ్వకు, నిజం చెప్తన్నాను! బయట కొనుక్కోవచ్చు. కొనబుద్ధి కాలేదు.

ఇంజనీరు అమ్మాయి చోటు చూడ్డానికొస్తుందనగా ముందురోజు ఇంక ఉండబట్టలేక ఎల్లాను. దెబ్బలాడదామనే ఎల్లాను సుమా. ఏం వదినా, నేను చచ్చానా, నాతో చెప్పకుండా అర్జీ ఏంటి అని అడిగేద్దామని దారంతా మాటలు కూర్చుకున్నాను.

మంచి ఎండ. వాకిలి నిండా పాతచీరలు పరిచి వడియాలు పెడుతున్నారు. నన్ను చూసి నలుగురూ మాటలాపేశారు. నూకరత్నం మాత్రం తలెత్తకుండానే "కూర్చో వదినా" అంది. అరుగు మీద కూర్చున్నాను. మాట మొదలుపెట్టబోయాను. అంతలో దక్షిణపు గాలి లేచింది. వేసవిలో మనకి సముద్రం వైపునుంచి వస్తుందిగా, హాయిగానే ఉంది. కానీ మెరక మీద మన గడ్డిమేటుంది. మన పాలేరు అప్పుడే గేదెలకి గడ్డి లాగుతున్నాడు. ఆ పొట్టూ, దుమ్మూ అంతా గాల్లో తేలుకుంటా వచ్చి ఆ తడి వడియాల మీద పడింది. ముత్యాల్లాంటి వడియాలమ్మా! ఆ నలుగురూ వంగి, ఒక్కొక్క వడియం మీంచి గోటితో నలుసులు తియ్యడం మొదలెట్టారు. అలవాటే వాళ్లకి. ఎన్నాళ్లనుంచి తీస్తున్నారో. నాకెప్పుడూ చెప్పలేదు.

అప్పుడు చూసింది నా వైపు. "ఇది గడ్డి వదినా, ఏరుకుంటున్నాం. ఇక్కడే పేడతొట్టి కడితే ఈగలొస్తాయి. ఈగల్ని ఏరగలమా?" అంది.

"మరి నాతో చెప్పొచ్చుగా?" అన్నాను.

"నీతో చెప్తే నువ్వు మీ వాళ్లని కట్టొద్దంటావు. అప్పుడు మీ ఇంట్లో గొడవ. మీ గేదెలు ఎండకీ వానకీ బయటే ఉన్నాయి, నేను చూడట్లేదా? అర్జీ అయితే గొడవ నాతోనే పోతుంది కదాని..." అంది, చెంగు కళ్లకి అద్దుకుంది. నేనూ ఏడ్చాను. దెబ్బలాడ్డానికి కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో.

మర్నాడు అందరూ మెరక మీదకొచ్చారు. సెక్రటరీ గారు, టేపు పట్టుకుని ఇంజనీరు అమ్మాయి, ఊళ్లో పనిలేనోళ్లు ఓ పదిమంది. నూకరత్నం తన గుమ్మంలోనే నిలబడింది. సెక్రటరీ గారు, "అభ్యంతరం ఉన్నవాళ్లు ఏవైనా చెప్తారాండి?" అన్నారు. ఆవిడ నన్ను చూసి తల దించుకుంది.

నేను చెయ్యెత్తాను.

"మీరు దరఖాస్తు పెట్టినాయన అమ్మగారే కదండీ?" అన్నారాయన.

"ఆయ్, నేనేనండి. నాకూ అభ్యంతరమేనండి" అన్నాను.

అందరూ ఘొల్లున నవ్వారు. మీ తాతయ్య నవ్వలేదు. "సత్తెవతీ, ఇంటికి పద" అన్నారు. ఆయన నన్ను అలా నలుగుర్లో పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అయినా చెప్పాను. "మకాం కావాలండి మాకు, వద్దనట్లేదు. ఇక్కడొద్దు. ఈ గాలికి ఈగలూ వాసనా అన్నీ ఆవిడ వడియాల మీదకే పోతాయి. వెనకాల పల్లం ఉంది మాదే. ఉత్తరం వైపు. అక్కడ కట్టుకుంటే గాలి వాసన్ని అటే పట్టుకుపోతుంది" అని.

మీ తాతయ్య దగ్గరకొచ్చి, "నువ్వెవరి మనిషివి?" అన్నారు, మెల్లిగానే.

"మీ మనిషినేనండి. కాకపోతే ఊరుకుందును" అన్నాను.

శీను తల పట్టుకున్నాడు. "అమ్మా, పల్లంలో మోకాల్లోతు నీళ్లు నిలబడతాయి. పోనీ మెరక చేస్తాం. దారేదీ? పాల వ్యాను ఎగిరొస్తుందా?" అన్నాడు. ఆ ఇంజనీరు అమ్మాయి కూడా పాపం మెత్తగా, "దారి చూపించకపోతే అక్కడ ప్లాను ఇవ్వడం కుదరదండి అమ్మగారూ" అంది. అదీ నిజమే. నాకది తట్టలేదు. అటూ కాకుండా, ఇటూ కాకుండా పోయింది. అంతా నేనే పాడుచేశానని అనిపించింది. టేపు చుట్టేసుకుని ఎల్లిపోయారు.

ఇంట్లో సంగతి ఇంక అడక్కు. మీ తాతయ్య నాతో మాట మానేశారు. అన్నం పెడితే తింటారు, మజ్జిగ కావాలంటే గ్లాసు నేలకి టక్కుమని కొడతారు, అంతే. శీను టార్పాలిన్ కింద గేదెలకి గిట్టలు కడుగుతుంటే వాడి మొహం చూడలేకపోయాను. ఒకరి పొట్ట కాపాడబోయి కన్నకొడుకు పొట్ట కొట్టానా అని కుమిలిపోయాననుకో. కానీ చిత్రం ఏంటంటే, చెప్పకుండా ఉండాల్సింది అని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

అలా ఉండగా ఓ సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, నూకరత్నం మా గుమ్మంలోకి వచ్చింది. ఆ అర్జీ పెట్టాక మా గడప తొక్కడం అదే మొదలు. నాకేసి చూడలేదు. తిన్నగా మీ తాతయ్య కుర్చీ దగ్గరకెళ్లి నిలబడింది.

"అన్నయ్యగారూ, తూర్పు వైపు నా దారి ఉంది కదండి. దాన్ని మా దొడ్డి వార పల్లం దాకా పొడిగించుకోండి. అరటి బోదెలు నాలుగు తీసేస్తే వ్యాను పడుతుంది. అల్లుళ్లనడిగాను, సరేనన్నారు. కాయితం మీద రాసిస్తాను" అంది.

ఆయన ముందు పేపరుంది, అది చదవట్లేదు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఆయన నా వైపు తిరిగి, "ఏంటలా చూస్తావు? ఆవిడకి కాఫీ ఇవ్వవే" అన్నారు.

అదమ్మా, అన్నాళ్లకి నాతో మాట్లాడిన మాట! కంగార్లో పంచదార రెండుసార్లు వేశాను. ఆవిడ ఆ పాకం కాఫీ కిక్కురుమనకుండా తాగేసింది.

ఇంక అక్కణ్ణించి అన్నీ చకచకా జరిగాయి. ఎండిపోయిన రొయ్యల చెరువు గట్టు తవ్వి ఆ మట్టితోనే పల్లం మెరక చేశాడు శీను. ట్రాక్టర్లు తిరుగుతుంటే, "పోన్లే అమ్మా, ఆ చెరువు ఇందుకైనా పనికొచ్చింది" అన్నాడు, ఎన్నాళ్లకో నవ్వాడు. ఇంజనీరు అమ్మాయి మళ్లీ వచ్చి ప్లాను మార్చి గీసింది. పేడతొట్టి ఆ చివరకి జరిపించింది. నూకరత్నం తన అర్జీ వెనక్కి తీసుకుంది. నాది నోటి అర్జీయేగా, నవ్వుకుంటా నేనూ తీసేసుకున్నాను. పర్మిషన్ వచ్చింది.

గేదెల్ని తోలుకెళ్లిన రోజు చూడాలి! పసుపు రాసి, బొట్లు పెట్టి, హారతిచ్చి లోపలికి రమ్మంటే గౌరి గడప దగ్గర ఆగిపోయింది. కొత్త సిమెంటు వాసన, పైగా దూలం పడిన గేదె, పైన రేకులు చూసి బెదిరింది. శీను తోశాడు, పాలేరు లాగాడు, కదిలితేనా. దాని వెనక మిగతావన్నీ బారులు తీరి నిలబడ్డాయి. చివరికి మీ తాతయ్య పంచె ఎగ్గట్టి తనే లోపలికెళ్లి, నేల మీద గడ్డి పరుచుకుని కూర్చున్నారు. "చూడవే, నేను కూర్చోలేదా, ఏం పడలేదుగా" అని దాంతో కబుర్లు. కాసేపు చూసి చూసి గౌరి ఒక కాలు వేసింది, ఇంకో కాలు వేసింది, వచ్చి ఆయన భుజం నాకింది. నూకరత్నం, నేనూ పొట్టలు పట్టుకుని నవ్వాం.

ఇప్పుడు వానొస్తే నాకు నిద్ర పడుతుందమ్మా. అది చాలు. గేదెలు పొడిగా ఉన్నాయి, పాలు బాగానే ఉన్నాయి, శీను ఇంకో రెండు తెచ్చాడు. వ్యాను నూకరత్నం దొడ్డి వారనుంచే వస్తుంది. పాలతో పాటు ఆవిడ వడియాల డబ్బాలూ అందులోనే రావులపాలెం పోతాయి.

మీ తాతయ్య ఇంతవరకూ నువ్వు చేసింది మంచిపనే అని నాతో అన్లేదు. అనరు కూడా, ఆయన సంగతి తెలిసిందే. కానీ మొన్న ఏదో కోళ్లఫారం వేస్తానని ఆ కాలవ అవతల కుర్రాడొచ్చి సలహా అడిగితే, నేను లోపల్నించి వింటున్నాను, ఏవన్నారో తెలుసా? "ప్లాను తర్వాత గీయించుకుందువుగానిరా. ముందెళ్లి పక్కింటోళ్ల అరుగు మీద ఓ పూట కూర్చునిరా" అన్నారు.

నేను విన్నానని ఆయనకి తెలీదు. నువ్వూ చెప్పకు. ఆపేశావా ఆ ఫోను? ఆపేయ్, ఇంక చాల్లే... పద, అన్నం తిందువుగాని. నూకరత్నం నీకోసమని గుమ్మడి వడియాలు పంపింది, వేయిస్తాను. చల్లగా ఉండు తల్లీ, నీ చుట్టూ ఉన్నోళ్లూ చల్లగా ఉండాలి...