పటిక మామ నలభై

రా అల్లుడూ, కూర్చో. ఆ స్టూలు లాక్కుని కాలు కాస్త ఎత్తులో పెట్టుకో. ఏమిటా మోచేతి మీద నీలం? తలుపు తగిలిందా? పళ్లు తోముకుంటే రక్తం కూడా పడుతోందా? ఆహాఁ, అందుకని రక్తం పలచన చేసే మాత్రలు నీ అంతట నువ్వే మానేశావన్నమాట! ఎప్పట్నించి? నిన్నట్నించా. ఊఁ. లారీ నడిపీ నడిపీ కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని పోయిన నెలలోనే కదా రాసిచ్చారు... ఉండు, తిట్టనులే. తిట్టే యోగ్యత నాకు లేదు. నీకు మా పటిక మామ సంగతి చెప్పాలి. మా అమ్మకి తమ్ముడు. గడ్డం గీయడం ఆయన సెలూన్‌లోనే నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే నా చేతికింద కూర్చున్నవాళ్లు నవ్వుతారనుకో. నేను చేరిన ఏడాది మా షాపులో సబ్బు కంటే పటికే ఎక్కువ అరిగింది. గాటు పడగానే మామ పరిగెత్తుకొచ్చి పటిక అద్ది, పెదవి కదపకుండా అంకెలు లెక్కపెట్టేవాడు, రక్తం ఆగేదాకా. మనిషికో అంకె. పోస్టుమాను ముప్పై, వడ్రంగి ముప్పై అయిదు, మామది నలభై. పేర్లు మర్చిపోయేవాడు గానీ అంకె మర్చిపోయేవాడు కాదు. "ఏమోయ్ ముప్పై అయిదూ, రా కూర్చో!" అని వీధిలోనే కేకేసేవాడు. వడ్రంగి పెళ్లాం, ఇదేం పిలుపమ్మా, మా ఆయన మనిషా గుర్రమా అని మా అత్తతో పోట్లాటకొచ్చింది కూడానూ. ఆఁ, అసలు సంగతి మా షాపుకొచ్చే హెడ్మాస్టరు గారిది.

ఆయన అంకె యాభై. గుండె దడకని ఈ మాత్రలే మొదలుపెట్టాక వందయింది. అది మాకూ అలవాటైపోయింది. ఒకరోజు దవడ కింద నా కత్తి తగిలింది. గోరంత గాటు. మామ లెక్క వంద దాటింది, రెండొందలు దాటింది, తువ్వాలు ఎర్రబడింది. "గడ్డం గీశావురా, గొంతు కోశావురా?" అని నా మీద విరుచుకుపడ్డాడు. నేను నిజంగానే కోశాననుకుని కత్తి చొక్కా వెనక దాచేశాను, దాంతో నా నడుమూ తెగింది. నాది ముప్పై ఆరేలే. మామ మాత్రం ఉన్నట్టుండి చల్లబడ్డాడు. మాస్టారి చొక్కా చెయ్యి పైకి మడిచి చూశాడు. నీలం మచ్చలు, ఇదిగో నీవాటిలాంటివే. "మాస్టారూ, కొత్తగా ఏమైనా మింగుతున్నారా?" "కొత్తదేం లేదోయ్. మోకాళ్లకి మందుల షాపువాడిచ్చిన నొప్పి బిళ్లలు, పదిరోజులైంది." "అదీ ఇదీ కలిపా?" "కలపడమేమిటోయ్, ఒకటి గుండెకీ, ఒకటి మోకాలికీ. రెండూ ఎక్కడ కలుస్తాయి?" "కడుపులో కలుస్తాయి మాస్టారూ," అన్నాడు మామ. సగం గడ్డం సబ్బుతోనే సైకిలెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నొప్పి బిళ్లలు ఆపించారు, ఆస్పత్రిలో పెట్టారు. అప్పటికే కడుపులో రక్తం కారుతోందట. ఇంకో రెండు రోజులైతే చెయ్యి దాటిపోయేదన్నారు. వారం తిరక్కుండా ఆ డాక్టరే మా కుర్చీలో వచ్చి కూర్చుని, "నా అంకెంతోయ్?" అన్నాడు. "తమరికింకా తెగలేదు బాబూ. మావాణ్ణి పిలవమంటారా?" అన్నాడు మామ నన్ను చూపిస్తూ.

అంతటివాడు అల్లుడూ! కానీ తనదాకా వచ్చేసరికి... మామకీ నీలాగే కాలు వాచింది. అవే మాత్రలు. అద్దం ముందు తన గడ్డం తనే గీసుకుంటూ, కావాలనే చిన్న గాటు పెట్టుకుని లెక్కపెట్టేవాడు. నలభై కాస్తా నూట ఇరవై. తట్టుకోలేకపోయాడు. "ఇది రక్తమట్రా? కుండకి చిల్లి పడ్డట్టుంది." మాస్టార్ని సైకిలు మీద మోసుకెళ్లినవాడు, తన కోసం అదే డాక్టరు దగ్గరికి నడవలేదు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. అయిదో రోజు పొద్దున్న నన్ను కేకేశాడు. "చూడరా, నలభై! మళ్లీ నలభై!" నేనేం చేశానో తెలుసా? చప్పట్లు కొట్టాను. "పాతికేళ్ల కుర్రాడి రక్తం మామా నీది!" అన్నాను. షాపంతా నవ్వులు. ఆ వారంలోనే, తోలు పట్టీ మీద కత్తి నూరుతూ నూరుతూ ఆయాసమంటూ కూలబడ్డాడు. కాలిలో గడ్డ ఊపిరితిత్తులకి ఎక్కిందన్నాడు డాక్టరు. తొందరగా ఆగితే మంచి రక్తమనుకున్నాం మేం. గడ్డం మీద ఆగితే మంచిదేగా మరి. లోపల ఆగితే ఏమవుతుందో మాలో ఒక్కడూ లెక్కపెట్టలేదు.

మామకి ఆఖరి గడ్డం నేనే గీశాను. ఒక్క గాటు పడలేదు. నా జన్మలో అదే మొదటిసారి. పటిక ముక్క ఎడమ చేతిలో అలాగే పట్టుకుని...

లే. చెప్పులేసుకో. డాక్టరు వచ్చే వేళయింది, ఆ మచ్చలేవో ఆయనకే చూపిద్దువుగాని. మాత్రల చీటీ జేబులో ఉందా?