మొలక చల్లిన మడి

“అవ్వా, మన వీధి నేరుగా పోకుండా ఆ కూరగాయల తోట కాడ ఎందుకు వంగింది?”

వంగలేదు మే, వంచినారు. ఉండు, కాలు చాపుకోనీ. ఈ కడంబత్తూరులో ఇప్పుడు ఇండ్లుండేదంతా మన వరి మడే. మీ తాతకి, వాళ్ళన్నకి, అదే మా బావకి, తిరువళ్ళూరులో బియ్యం అంగడి ఉండె. డెబ్బై ఆరో ఏడో, సరిగ్గా జ్ఞాపకం లేదు, బాయి ఎండిపోతా వచ్చింది. మా బావ ఇంక సేద్యం వద్దు, ప్లాట్లు వేసేద్దాం, రైల్లో పట్నానికి పనికి పోయేవాళ్ళు కొంటారు అనేసినాడు. మీ తాతకి అన్న ముందర నోరు యాడ లేస్తుంది?

మా అత్త, అదే మీ తాత వాళ్ళమ్మ, ఒకటే అడిగింది. బాయి పక్కన నారుమడి మట్టుకు వదలండి, దాని చుట్టూ ఇండ్లు కట్టండి, వచ్చినోళ్ళు కీరై ఆకుకూరో వంకాయో వేసుకోని తింటారు అనింది. కాపురానికొచ్చిన నాటినించి ఆడే నారు పోసింది, పావం. మా బావ వినలే. వీధి దాని మీదనే పోవాల అన్నాడు.

ఆయమ్మ కొట్లాడలేదు. వడ్లు నానబెట్టి, గోనెలో మూటగట్టి, మొలకొచ్చినాక, ప్లాట్లు కొలిచేవాళ్ళు వచ్చే ముందు దినం కడవలతో నీళ్ళు మోసి మడంతా చల్లేసింది. మొలక చల్లిన మడిలో మనవాళ్ళు కాలు పెట్టరు మే. నీకెట్ల తెలుస్తుంది లే, బియ్యం పేకెట్టులో చూసినదానివి. పగోడైనా గట్టెంబడి చుట్టుకోనే పోతాడు.

కొలిచేవాళ్ళు చైను పట్టుకోని గట్టు మీద నిలబడిపోయినారు. మీరు ముందు దిగండి, మేము వస్తాం అన్నారంట మా బావని. ఆయన చెప్పులు విడిచినాడు, పంచె ఎగ్గట్టినాడు. దిగలేదు. వీధిని అటు తిప్పేయండి అనేసి ఇంటికొచ్చేసినాడు.

నారు పచ్చగా లేచింది. నాటేదానికి మడి యాడుంది? అంతా హద్దురాళ్ళే. అత్త అప్పటికి మంచం పట్టింది. నారు తీసినారా, ముదిరిపోతుంది కదా అని దినామూ అడిగేది. నాటినామని చెప్పు అనె మీ తాత. చచ్చిపోతా ఉండే మనిషికి ఆ మాట చెప్పేదానికి నాకు నోరు రాలేదు మే. ఏడుపొచ్చేది.

ఒక దినం తెల్లారి చూస్తే మా బావ ఒక్కడే వంగి నారు పెరకతా ఉండాడు. తన ఇంటికని నారుమడి పక్కనే పెట్టుకున్న మూల ప్లాటు ఒకటి ఉండె, దాంట్లో రాళ్ళు పీకేసి, నీళ్ళు పెట్టి తొక్కి, నాటినాడు. అంగడి మనిషి, వరస కూడా కుదరలే. నేనూ దిగినా. ఆయన మళ్ళా ఆడ ఇల్లు కట్టనేలేదు, మాతోనే ఉండిపోయినాడు. ఆ నారుమడే నువ్వడిగిన తోట, ప్లాటునీ దాంట్లోకే కలిపేసినాడు.

నాటిన పొద్దు బురద కాళ్ళతోనే వచ్చి అత్త మంచం మీద కూర్చున్నాడు. “నాటేసినానమ్మా” అన్నాడు.

అత్త చెయ్యి చాపి ఆయన కాలికుండే బురద వేళ్ళతో నలిపి చూసింది.

“నీళ్ళు చాల్లేదు రా. ఇంకో తడి పెట్టు” అనింది.

అదే ఆఖరు మాట. ఆయన లేచి పోయి నీళ్ళు పెట్టినాడు మే... నువ్వు పో, అన్నం తిను. నిండుగా బతుకు.