రాయి మీద పీత

రాజోలులో రొయ్యల రైతు ఒకాయన ఇంటి హాలు. కొత్తగా పెట్టిన ఉప్పునీటి అక్వేరియం ముందు ఆయన భార్య నిలబడింది.

"నా రాయి ఇంత తెల్లగా అయిపోయిందేంటండీ?"

"కడిగేను. మద్రాసు నుంచి రాయి తెప్పించేవు, దాన్నిండా పురుగులే."

"పురుగులు కావండి. సముద్రంలో పెరిగిన రాయి కదా, దాంతోపాటు ఏమేం వచ్చేయో పుస్తకంలో బొమ్మలు చూసి పోల్చుకుంటున్నాను. ఈకల కుచ్చులా విచ్చుకునేదొకటి, సన్న చేతుల నక్షత్రమొకటి."

"పీత కూడా ఉంది. పీతుంటే తెల్లమచ్చ తెగులొస్తుంది."

"ఆ తెగులు రొయ్యలకి కదండీ. ఇందులో రొయ్యేదీ?"

"పీత పీతే."

"అది నాచు తిని బతికేదండి. గోలీకాయంత లేదు. దేంతో కడిగేరు?"

"బ్లీచింగు నీళ్ళలో నానబెట్టేను."

"అయితే రాయి మీద ఒక్కటీ మిగల్లేదన్నమాట. నిరుడు చెరువులోకి పీతలు దిగుతున్నాయండీ అని మొత్తుకుంటే, పీతలేం చేస్తాయే అన్నారు."

"ఇప్పుడదంతా ఎందుకు?"

"పంటంతా తెల్లమచ్చతో పోయింది కాబట్టి. ఇంతకీ ఈ బ్లీచింగెక్కడిదండీ?"

"నిరుడు చెరువుకని తెచ్చిందే."

"ఆయ్. చెరువంతా చచ్చినా ఆ డబ్బా మూత తియ్యలేదు మీరు. నా రాయి మీదకి తీసేరు."