కత్తిరించి దాచిన రెండు నిమిషాలు

ఏ సినిమా అన్నావూ? ఓ, అదా! పేరు నాకెక్కడ గుర్తుంటుందే తల్లీ, పోస్టరు మీద పేరు కంటే 'పెద్దలకు మాత్రమే' అన్నదే పెద్దక్షరాల్లో ఉండేది. అలాంటి సినిమాలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. నేను టికెట్ల కిటికీలో కూర్చునేవాణ్ణి కదా, ఒక్కొక్కడూ తలకి తువ్వాలు చుట్టుకొచ్చి చెయ్యి మాత్రం లోపలికి పెట్టేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు! నేను చేతులు చూసే చెప్పేవాణ్ణి, ఇది లెక్కల మాస్టారిది, ఇది మందుల షాపాయనది అని. నవ్వకు, నిజం. ఇంతకీ ఏం చెబుతున్నా? ఆఁ, మా బావ. మా అక్క మొగుడు, అదే హాల్లో ఆపరేటరు. పోయి ముప్పయ్యేళ్ళు దాటింది. నోట్లో నాలుక లేని మనిషి గానీ చేతిలో పనితనముంది. తెగిన రీలుని బ్లేడుతో గీకి, జిగురు రాసి, నొక్కిపట్టి అతికించాడంటే అతుకెక్కడుందో నువ్వు పట్టుకోలేవు.

డబ్బాలు రాగానే రీళ్ళన్నీ వేళ్ళ మధ్య నడిపించి చూసుకోవడం ఆయనకి అలవాటు. ఆ రోజు ఆరో రీలు సగంలో ఆపేసి కిందకొచ్చాడు. 'ఒరేయ్ బావమరిదీ, ఇందులో మన ఎదురుకొట్టు కుట్టుమిషనావిడ ఉందిరా' అన్నాడు నా చెవిలో. ఆడవాళ్ళకి బట్టలు కుట్టేదిలే. ముప్పై అయిదేళ్ళుంటాయి, మొగుడు లేడు, ఆ కొట్టే ఆధారం. అంతకుముందు సినిమావాళ్ళకి కుట్టేదని తెలుసు గానీ ఇదెవరికి తెలుసు? ఒక స్నానం సీను, ఆ వెంటనే అద్దం ముందు తల దువ్వుకుంటూ ఏవో నాలుగు మాటలు. అంతా కలిపి రెండు నిమిషాలు. 'ఇది జనం చూస్తే రేపు ఆ కొట్టు గుమ్మం ఎవరు తొక్కుతారు?' అని, యజమానికి చెప్పకుండా ఆ ముక్క కత్తిరించి దాచేశాడు. ప్రింటు తిరిగి పంపేటప్పుడు అతికించెయ్యొచ్చని. తెలిస్తే ఉద్యోగం ఊడేది. మా అక్కకి కూడా చెప్పలేదు.

మొదటాట వదిలారో లేదో, మేమిద్దరం పైన మిషను గదిలో ఉండగా మెట్లెక్కి వచ్చింది ఎవరనుకున్నావు? ఆవిడే! ముసుగేసుకుని టికెట్టు కొనుక్కుని చూసొచ్చిందట, నాకా చెయ్యి తెలియనే లేదు సుమా. 'నా సీనేది అన్నయ్యా?' అంది. మా బావ నేలచూపులు చూస్తూ 'నీ పరువు కోసమేనమ్మా' అన్నాడు. 'నా పరువు నేను చూసుకుంటాను. నాలుగేళ్ళయింది తీసి, నన్ను నేను ఒక్కసారీ చూసుకోలేదు. ఆ అద్దం దగ్గర చేసినదానికి డైరెక్టరు చప్పట్లు కొట్టాడు, తెలుసా?' అని ఏడ్చేసింది. మా బావకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే, ఊడ్చేవాళ్ళు కూడా రాకముందు, ముక్క అతికించి ఆవిడొక్కదానికీ వేశాడు. తలుపు దగ్గర నేను కాపలా. స్నానం వచ్చినంతసేపూ తల దించుకుంది. అద్దం రాగానే ఎత్తింది. తెరమీద మనిషితో పాటు తనూ పెదాలు కదుపుతూ ఆ మాటలన్నీ చెప్పింది. నిజంగా బాగా చేసిందే అమ్మాయ్, అబద్ధమెందుకు. 'తీసెయ్యమంటావా?' అని పైనుంచి అడిగాడు బావ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత 'ఉంచెయ్యి' అంది.

రెండు వారాలాడింది. మా బావకి నిద్ర పడితే ఒట్టు, పొద్దస్తమానం ఎదురుకొట్టు వైపే చూపు. ఏమీ కాలేదు! పోలీసాయన భార్య కూడా కొత్తబట్ట పట్టుకొచ్చింది. ముఖం చూసినవాడెవడే, గుర్తుపట్టడానికి! ఆఖరి రోజు ఆవిడ మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. 'ఊరంతా చూసింది, ఒక్కళ్ళూ గుర్తుపట్టలేదన్నయ్యా' అంది. అది సంతోషమో బాధో నాకిప్పటికీ తెలీదు. మా బావ రీలు చుడుతున్నవాడు తలెత్తలేదు. 'నేను గుర్తుపట్టాను కదమ్మా' అన్నాడు.

...ఊఁ. ఆ కిటికీ తలుపు కాస్త వెయ్యవే, గాలి కొడుతోంది.